రిపోర్టు నార్మల్, వాసన మాత్రం ఉంది

రిపోర్టులో అన్నీ నార్మల్ అని ఉంటే ఎవరైనా సంతోషపడతారు. నాకు మాత్రం చిరాకేసింది. ఇన్ఫెక్షన్ అని రాసి ఉంటే మందులు వాడేదాన్ని, పోయేది. ఏమీ లేదంటే మరి ఆ వాసన ఎక్కడి నుంచి వస్తున్నట్టు?

కింద వాసన గురించి చెబుతున్నాను. యోని దగ్గర వచ్చే వాసన. ఈ మాటను మనం డాక్టరు దగ్గర కూడా సగం మింగేసి చెబుతాం. అందుకే ఇక్కడ సూటిగా రాస్తున్నాను.

నాకు 38 ఏళ్లు. తిరుపతిలో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఇద్దరు పిల్లలు, రెండూ నార్మల్ కాన్పులే. చిన్నవాడు బడికి పోవడం మొదలుపెట్టిన తర్వాత ఎప్పుడో ఇది నా బుర్రలో పడింది. మధ్యాహ్నం దాటితే చాలు, అందులోనూ ఎండాకాలమైతే, ఒక రకమైన మాగిన వాసన. దురద లేదు, మంట లేదు, తెల్లబట్ట ఎక్కువగా అవడం లేదు. వాసన ఒక్కటే. స్టాఫ్ రూమ్‌లో ఫ్యానుకు ఏ వైపున కూర్చుంటే గాలి ఎవరి మీదికి పోతుందో లెక్కేసుకునేదాన్ని. లీలామహల్ సెంటర్ దగ్గర షేర్ ఆటో ఎక్కి నలుగురి మధ్య ఇరుక్కోవాలంటే టెన్షన్.

చిత్తూరులో ఉండే మా అక్కను ఒకసారి అడిగాను, నీకేమైనా తెలుస్తోందా అని. "నాకేం రాలేదు మే. ఊరికే మనసు పాడు చేసుకుంటా ఉండావు" అంది. మా ఆయన కూడా అదే మాట. నిజం చెబుతున్నారో, నా మనసు నొప్పించడం ఇష్టం లేక అంటున్నారో తెలియదు కదా.

మందుల షాపులో అడిగితే ఒక కిట్ తీసి కౌంటర్ మీద పెట్టాడు. మూడు రకాల మాత్రలు ఒకే అట్టలో. వయసెంత, దురద ఉందా, గర్భం ఏమైనా ఉందా అని ఒక్క ప్రశ్న లేదు. ఆ కిట్‌లో ఒకటి ఫంగస్‌కు, మిగతావి బ్యాక్టీరియాకు, ఇతర క్రిములకు. ఏ క్రిమి ఉందో తెలియనప్పుడు అన్నింటి మీదా ఒకేసారి బాంబు వేయడమే ఆ కిట్ లెక్క. ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ తెల్లబట్టకు ఆకుపచ్చ కిట్ ఇస్తారు గానీ, అక్కడ లక్షణాలు అడిగి, చూసి ఇస్తారు. నేను కొనకుండా వచ్చేశాను.

అదే సమయంలో డాలస్‌లో ఉండే మా వదిన సంక్రాంతికి వచ్చింది. ఆమెతో ఏదైనా మాట్లాడొచ్చు. విషయం విని, "అక్కడ మందుల షాపుల్లో దీనికోసమే ఒక అర ఉంటుంది, నువ్వేమీ సిగ్గుపడొద్దు" అని, వెనక్కి పోయాక తెలిసినవాళ్ల చేతికిచ్చి ఒక పరికరం పంపింది. స్టీలుతో చేసిన సన్నని గొట్టం, చివర్లో చిన్న చిన్న చిల్లులు, దానికి నీళ్ల సంచి. లోపలికి పెట్టి నీళ్లు వదిలితే కడిగేస్తుందన్నమాట. దీన్నే డూషింగ్ అంటారు.

నేను కెమిస్ట్రీ చెప్పేదాన్ని. ఒక వస్తువు చేతికొస్తే దాన్ని వాడటం కన్నా పరీక్షించడం మీదే నాకు ఆసక్తి. అందుకని ఇంకో రెండు తెప్పించాను. ఒకటి రబ్బరు బల్బు, ముందు ప్లాస్టిక్ ముక్కుతో. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే నల్ల కవర్‌లో చుట్టి వచ్చింది. రెండోది గాంధీ రోడ్డులో కొన్న ఎనిమా డబ్బా, పైప్, చివర నాజిల్. షాపు అబ్బాయి "ఇంట్లో పెద్దవాళ్లకా మేడమ్?" అన్నాడు. అవును అన్నాను. నాలుగోది మన బాత్‌రూమ్‌లో ఎప్పటినుంచో ఉన్నదే, గోడకు వేలాడే జెట్ స్ప్రే. దాన్ని ఎవరూ పరికరం అనుకోరు గానీ, దాంతో లోపలికంటా కడుక్కునేవాళ్లు ఎంతమందో మన ఇళ్లలో.

నోట్‌బుక్‌లో రాసుకునేటప్పుడు పైన "ఉప్పు విశ్లేషణ" అని పెట్టాను. పిల్లలు తెరిచినా ఒక్క చూపు చూసి మూసేస్తారు. కడిగిన రోజు, కడగని రోజు, ఏం వేసుకున్నాను, ఎంతసేపు నిలబడ్డాను, సాయంత్రం ఇంటికొచ్చాక వాసన సున్నా నుంచి పది దాకా ఎంత. దాంతో పాటు పీహెచ్ కాగితం, అంటే ఆమ్లం ఎంతుందో రంగుతో చూపించేది. అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. కాలేజీలో వాడే మామూలు కాగితం కాదు. నాలుగుకూ నాలుగున్నరకూ తేడా చూపించే తక్కువ పరిధి కాగితం విడిగా దొరుకుతుంది.

పీహెచ్ ఎందుకంటే, ఆరోగ్యంగా ఉన్న యోని ఆమ్లంగా ఉంటుంది, సుమారు 3.8 నుంచి 4.5 దాకా. అక్కడ లాక్టోబాసిల్లై అనే మంచి బ్యాక్టీరియా ఉంటాయి. లోపలి పొరల్లోని గ్లైకోజెన్ అనే పిండిపదార్థం విడిపోగా వచ్చే చక్కెరలను అవి లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లంలో పనికిమాలిన క్రిములు పెరగలేవు. డోడర్‌లైన్ అనే జర్మన్ డాక్టరు 1892లోనే వీటి గురించి రాశాడు. ఇక మా ఇంటి నీళ్లు. మునిసిపాలిటీ నీళ్లు రాని పూట బోరు నీళ్లే గతి. కుళాయికి తెల్లగా గార కట్టే నీళ్లు, పీహెచ్ ఏడు పైనే. నాలుగుకూ ఏడుకూ తేడా మూడే కదా అనుకుంటాం గానీ, ఆ కొలమానంలో ఒక్కో మెట్టూ పది రెట్లు. అంటే మూడు మెట్లకు వెయ్యి రెట్లు. అందుకే కాచి చల్లార్చిన నీళ్లే వాడాను. కాచితే క్రిములు చస్తాయి, పీహెచ్ మాత్రం కిందికి రాదు.

రబ్బరు బల్బుతో మొదటి తంటా గాలి. పూర్తిగా నొక్కి గాలి తీసేయకపోతే నీళ్ల కన్నా ముందు గాలి లోపలికి పోతుంది. గర్భంతో ఉన్నవాళ్లకు అది ప్రాణం మీదికి తేగలదు. బల్బు లోపల ఆరదు కూడా. రెండు రోజులు మూసిపెట్టి తీస్తే రబ్బరు వాసనతో పాటు ఇంకేదో వాసన. ఒక వాసన పోగొట్టుకోవడానికి ఇంకో వాసన కొనుక్కున్నట్టయింది.

ఎనిమా డబ్బా సంగతి వేరు. దాన్ని ఎంత ఎత్తున తగిలిస్తే అంత ఒత్తిడి. బాత్‌రూమ్ మేకుకు తగిలిస్తే పొత్తికడుపులో పట్టేసినట్టు నొప్పి వచ్చింది. నడుము ఎత్తుకు దించితే తగ్గింది. డాక్టర్లు భయపడేది సరిగ్గా ఈ ఒత్తిడికే. నీళ్లతో పాటు కింద ఉన్న క్రిములు గర్భసంచి ముఖద్వారం దాటి పైకి పోతే, గర్భసంచికీ ట్యూబులకూ వాపు వస్తుంది. ట్యూబు దెబ్బతింటే తర్వాత గర్భం ట్యూబులోనే నిలిచే ప్రమాదం ఉంటుంది. డూషింగ్ అలవాటున్న ఆడవాళ్లలో ఇవి ఎక్కువగా కనిపించాయని చాలా ఏళ్లుగా పరిశోధనలు చెబుతున్నాయి. అమెరికాలో స్త్రీ వైద్య నిపుణుల సంఘం కూడా లోపల కడగొద్దనే చెబుతుంది.

స్టీలు గొట్టం, నిజం చెప్పాలంటే, వస్తువుగా చాలా బాగుంది. నున్నగా ఉంటుంది, నీళ్లలో వేసి మరిగించొచ్చు, వాసన పట్టదు. తయారుచేసినవాడు బుర్ర పెట్టి చేశాడు. నీళ్లు తొందరగా పోయి తొందరగా బయటికి వస్తాయి. వచ్చిన నీళ్లు కొంచెం తెల్లగా, మబ్బుగా ఉంటాయి. చూడగానే అబ్బ, ఎంత మురికి పోయిందో అనిపిస్తుంది. మురికి కాదది. రోజూ లోపల ఊరే మామూలు స్రావం, దాంతో పాటు ఇందాక చెప్పిన మంచి బ్యాక్టీరియా. కళ్లకు కనిపించే ఆ తెలుపు వల్లే చాలామందికి ఈ అలవాటు వదలదని నా అనుమానం.

ఇక ఫలితం. లోపల కడిగిన రోజు సాయంత్రం వాసన తగ్గింది. నిజంగానే తగ్గింది. ఇక్కడితో ఆగి ఉంటే నేను కూడా వదినకు ఫోన్ చేసి థాంక్స్ చెప్పేదాన్ని. కానీ నా నోట్‌బుక్‌లో ఇంకో రకం రోజులు కూడా ఉన్నాయి. ఆ రోజుల్లో లోపల ఏమీ కడగలేదు. మధ్యాహ్నం భోజనం గంటలో బయట మామూలు నీళ్లతో కడుక్కుని, తుడుచుకుని, లోదుస్తులు మార్చుకున్నాను, అంతే. ఆ రోజుల్లో కూడా వాసన అంతే తగ్గింది! రెండు వరుసల అంకెలనూ పక్కపక్కన పెడితే ఏది ఏ రోజుదో నాకే తెలియలేదు.

తేడా కనిపించింది పీహెచ్ కాగితం మీద. కడిగిన వెంటనే చూస్తే నీళ్ల పీహెచ్చే చూపిస్తుంది కాబట్టి కొన్ని గంటలు ఆగి చూసేదాన్ని. మామూలుగా నాలుగు దగ్గర ఉండే రంగు ఐదు దాటింది. మర్నాటికి కొంత దిగింది గానీ పూర్తిగా రాలేదు. వెంటవెంటనే కడిగితే అసలు దిగడమే లేదు. పైగా లోపల పొడిబారినట్టు, మూత్రానికి పోతే చురుక్కుమన్నట్టు ఉంది. అక్కడితో ఆపేశాను.

వెనిగర్ కలిపితే ఆమ్లమే కదా అంటారు కొందరు. అమెరికాలో సీసాల్లో అమ్మే ద్రావణాల్లో కొన్ని అవే. పోసిన ఆమ్లం కాసేపట్లో కారిపోతుంది. తయారుచేసే బ్యాక్టీరియాను కడిగేశాక కొత్త ఆమ్లం ఎక్కడి నుంచి వస్తుంది? అయినా ఆ దేశంలో వందేళ్ల కింద నేల తుడిచే క్రిమిసంహారకం లైసాల్‌నే ఆడవాళ్ల లోపలి శుభ్రత కోసమని పత్రికల్లో ప్రకటనలు వేసి అమ్మారు. దాంతో పోలిస్తే వెనిగర్ నయమే.

వదిన పంపిన లాంటి స్టీలు పరికరం మీద అమెరికాలో ఒక ట్రయల్ కూడా జరిగింది. వాసన ఉందని చెప్పే ఆడవాళ్లలో ఇన్ఫెక్షన్ లేనివాళ్లను ఏరి తీసుకున్నారు. కొందరికి స్టీలు గొట్టంతో ఒట్టి నీళ్లు, మిగతావాళ్లకు దుకాణాల్లో దొరికే ద్రావణం. వాసన ఎంతుందో ఆ ఆడవాళ్లే చెప్పారు, పరికరం వాడినవాళ్లలో బాగా తగ్గిందని తేలింది. చదివినప్పుడు ఆశ పుట్టింది. నా నోట్‌బుక్ చూశాక మాత్రం ఒకటే ప్రశ్న. రెండు జట్లూ కడిగినవే. లోపల కడగకుండా బయట మాత్రమే శుభ్రం చేసుకుని బట్టలు మార్చుకున్న జట్టు ఏది? ల్యాబ్‌లో పిల్లలు బ్లాంక్ టెస్ట్, అంటే పరీక్షించే పదార్థం వేయకుండా పోల్చి చూసే పరీక్ష, చేయకుండా రీడింగ్ రాస్తే నేను ఒప్పుకోను.

తర్వాతే డాక్టర్ దగ్గరకు పోయాను. క్లినిక్‌కు ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ అడిగితే, నెలసరిలో రావొద్దు, ముందు రెండు రోజులు భర్తతో కలవొద్దు, లోపల ఏమీ కడగొద్దు, క్రీములు పెట్టొద్దు అని నర్సమ్మ గడగడా చెప్పింది. కడిగి వస్తే స్లైడ్ మీద చూడటానికి ఏమీ మిగలదట. ఎప్పుడైనా పోయేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

డాక్టరమ్మకు యాభై దాటి ఉంటాయి. ముందు బోలెడు ప్రశ్నలు. వాసన నీచు వాసనా, పులిసిన వాసనా, చెమట వాసనా? భర్తతో కలిశాక ఎక్కువవుతుందా? పొద్దున లేచినప్పుడు ఉంటుందా, సాయంత్రమా? నెలసరిలో లోపల పెట్టుకునే టాంపాన్ లాంటిది ఏదైనా మర్చిపోయారా? దగ్గినప్పుడు మూత్రం జారుతుందా? చివరిదానికి లేదన్నాను.

పరీక్ష ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. స్పెక్యులమ్ అనే పరికరం పెట్టి తెరిచినప్పుడు కొంచెం ఇబ్బంది, నొప్పి లేదు. యోని పక్క గోడ నుంచి దూది పుల్లతో స్రావం తీశారు. పీహెచ్ కాగితానికి అద్దారు. స్లైడ్ మీద ఒక పక్క సెలైన్, ఇంకో పక్క పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క. ఆ రెండో చుక్క వేసి ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు. ఉండబట్టలేక "అమైన్‌ల కోసమా మేడమ్?" అన్నాను. ఆవిడ తలెత్తి నవ్వారు. "మీరు కెమిస్ట్రీనా అమ్మా?"

ఇది మన వంటింటి విషయమే. చేపలు కడిగేటప్పుడు నిమ్మకాయో మజ్జిగో వేసి ఎందుకు రుద్దుతాం? నీచు వాసన ట్రైమిథైల్ అమైన్‌ది. అది క్షారం. ఆమ్లం తగిలితే లవణమై నీళ్లలో ఉండిపోతుంది, గాలిలోకి రాదు. క్షారం తగిలితే మళ్లీ విడిపోయి గుప్పుమంటుంది. బ్యాక్టీరియల్ వజైనోసిస్ అనే సమస్యలో మంచి బ్యాక్టీరియా తగ్గి వేరేవి పెరుగుతాయి, అవి ఈ అమైన్‌లను తయారుచేస్తాయి. అందుకే వాళ్లకు నెలసరి సమయంలోనూ, భర్తతో కలిశాకా వాసన ఎక్కువవుతుంది. రక్తం, వీర్యం రెండూ క్షార గుణం ఉన్నవే. డాక్టరమ్మ వేసిన చుక్క ఆ పనే చేస్తుంది. నీచు వాసన గుప్పుమంటే వజైనోసిస్ వైపు ఒక గుర్తు. పల్చగా ఒకేలా ఉండే స్రావం, పీహెచ్ 4.5 దాటడం, మైక్రోస్కోప్‌లో క్లూ సెల్స్ అనే కణాలు కనిపించడం మిగతా మూడు. నాలుగింట్లో మూడు ఉంటే ఆ జబ్బు ఉన్నట్టు. ఆమ్‌సెల్ పేరుతో 1983 నుంచి వాడుతున్న పద్ధతి ఇది.

నాకు నాలుగూ లేవు. ఫంగస్ లేదు, ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి లేదు. వయసును బట్టి గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ కోసం చేసే పాప్ స్మియర్ కూడా తీశారు, అదీ నార్మల్. షుగర్ లేదు. మూత్ర పరీక్షలో ఇన్ఫెక్షన్ లేదు. నేను డూషింగ్ చేసిన సంగతి చెబితే డాక్టరమ్మ కోప్పడలేదు. "ఇప్పుడు లేని జబ్బు, అది చేస్తూ పోతే వస్తుంది. అప్పుడు మనకు వైద్యం చేయడానికి ఒకటి దొరుకుతుంది" అన్నారు. ఆవిడ హాస్యం అలాంటిది.

అలా చేతికొచ్చిన రిపోర్టు పట్టుకునే నేను చిరాకు పడింది. ఎయిర్ బైపాస్ రోడ్డులో ఆటో కోసం నిలబడి ఆలోచిస్తుంటే మళ్లీ ఆ రెండు వరుసల అంకెలే గుర్తొచ్చాయి. లోపల కడిగినా, బయట కడిగి బట్ట మార్చినా ఒకే ఫలితం. రెండింటిలోనూ మారింది ఏమిటి? లోపల కడిగిన ప్రతిసారీ బయటా కడుగుతాం, లోదుస్తులూ మారుస్తాం. అంటే వాసన బట్టలోనో, చర్మం మీదో ఉంది.

చర్మానికి కొంత వాటా ఉంది. చంకల్లో ఉన్నట్టే గజ్జల్లో కూడా వేరే రకం చెమట గ్రంథులు ఉంటాయి. వాటి నుంచి వచ్చే చెమటకు దానంతట దానికి పెద్దగా వాసన ఉండదు, చర్మం మీది బ్యాక్టీరియా తిన్నాక వస్తుంది. తిరుపతి మే నెల ఎండలో నైలాన్ కలిసిన లెగ్గింగ్స్ వేసుకుని పొద్దుటి నుంచి నిలబడితే రాకేం చేస్తుంది. కానీ నాది పూర్తిగా చెమట వాసన కాదు. దానికి ఇంకొంచెం ఘాటు ఉంది. ఆ ఘాటు నాకు తెలిసినదే, ఎక్కడో పీల్చినదే.

మర్నాడు సాయంత్రం ఇంటికి రాగానే, రోజూ పెట్టుకునే ప్యాంటీ లైనర్‌ను, అంటే లోదుస్తుకు అతికించే పల్చని ప్యాడ్‌ను, ముందు ముక్క, మధ్య ముక్క, వెనక ముక్క అని కత్తిరించాను. మూడు ఖాళీ కాఫీపొడి సీసాల్లో వేశాను. నాలుగో సీసాలో వాడని లైనర్. ప్రతి దాని మూత లోపల తడిపిన ఎర్ర లిట్మస్ కాగితం అతికించాను, కింద ముక్కకు తగలకుండా. వంటయ్యాక వచ్చి చూస్తే ముందు ముక్క ఉన్న సీసాలో కాగితం అంచుల నుంచి నీలంగా మారుతోంది. మధ్యది కొద్దిగా. మిగతా రెండూ ఎర్రగానే ఉన్నాయి. గాలిలోంచి వచ్చి ఎర్ర లిట్మస్‌ను నీలం చేసే వాయువు ఏదని అడిగితే పదో తరగతి పిల్లలు కూడా చెబుతారు. అమ్మోనియా.

అంటే మూత్రం. చుక్క చుక్కగా జారుతోంది, లైనర్ పీల్చేస్తోంది కాబట్టి నాకు తడి తెలియడం లేదు. మూత్రంలోని యూరియాను బ్యాక్టీరియా గంటల తరబడి విడగొడితే అమ్మోనియా వస్తుంది. పాత గవర్నమెంటు ఆఫీసు గోడ వెనక వాసన అదే, నా వాసన అందులో వందో వంతు, అంతే తేడా. పైగా కాలేజీలో బాత్‌రూమ్ ఎలా ఉంటుందో అని పొద్దున ఎనిమిదికి ఇంట్లో పోయినదాన్ని మళ్లీ సాయంత్రం ఇంటికొచ్చేదాకా పోయేదాన్ని కాదు. పోవాల్సి వస్తుందని నీళ్లు కూడా తాగేదాన్ని కాదు. ఆడ లెక్చరర్లలో ఇలా ఉండనివాళ్లు నాకు ఒక్కరు కూడా తెలియదు. నీళ్లు తక్కువైతే మూత్రం చిక్కబడుతుంది, వాసన పెరుగుతుంది. దానికి తోడు షుగర్ రాకూడదని రోజూ నానబెట్టిన మెంతులు మింగుతున్నాను. మెంతుల వాసన చెమటలోకీ మూత్రంలోకీ దిగుతుంది.

సీసాల ఫొటో తీసుకుని మళ్లీ డాక్టరమ్మ దగ్గరకు పోయాను. ఈసారి కడుపు నిండా నీళ్లు తాగి రమ్మన్నారు. పడుకోబెట్టి గట్టిగా దగ్గమన్నారు. జారింది. నిలబడి దగ్గమన్నారు, ఇంకొంచెం జారింది. సిగ్గుతో చచ్చిపోయాను గానీ, ఆవిడకు రోజూ చూసేదే. నార్మల్ కాన్పులు అయినవాళ్లలో కటి కండరాలు వదులై ఇలా జారడం చాలా మామూలట. "మన ఆడవాళ్లు కాన్పు తర్వాత ఇది ఇంతేలే అనుకుని సర్దుకుపోతారు, ఎవరూ చెప్పరు. మీరు లిట్మస్‌తో వచ్చారు" అన్నారు.

మందులు రాయలేదు. కేగెల్ వ్యాయామాలు చెప్పారు. మూత్రం ఆపుకునేటప్పుడు, గ్యాస్ ఆపుకునేటప్పుడు ఏ కండరాన్ని పైకి లాగినట్టు బిగిస్తామో, దాన్నే బిగించి కొన్ని సెకన్లు ఉంచి, మళ్లీ అంతేసేపు వదలడం. ఊపిరి బిగబట్టకూడదు, పొట్ట, తొడలు బిగించకూడదు. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపి సాధన చేయడం అలవాటు చేసుకోవద్దన్నారు, మూత్రాశయం పూర్తిగా ఖాళీ అవదు. సరైన కండరమే బిగిస్తున్నానా లేదా అని మొదటిసారి పరీక్షలోనే చూసి చెప్పారు. అది చాలా అవసరం, ఎందుకంటే నేను మొదట పిరుదులు బిగించి అదే అనుకున్నాను. రోజుకు మూడు పూటలా, కనీసం మూడు నెలలు చేస్తేనే తేడా తెలుస్తుందట. దగ్గు వస్తున్నా, తుమ్ము వస్తున్నా అది రాకముందే బిగించడం ఇంకో చిట్కా.

మూడు గంటలకోసారి మూత్రానికి పోవాలి. నీళ్లు తాగాలి. సెంటు వేసిన లైనర్లు మానేశాను. ఆ సెంటూ అమ్మోనియా కలిస్తే వచ్చేది ఇంకో రకం ఘోరం. పల్చని కాటన్ గుడ్డ ప్యాడ్లు వాడి మధ్యాహ్నం మారుస్తున్నాను. బయట మామూలు నీళ్లు, తర్వాత తడి లేకుండా తుడవడం. సబ్బు కూడా వద్దన్నారు, లోపలికైతే అసలే వద్దన్నారు. మెంతులు ఆపేశాను. లెగ్గింగ్స్ మానలేదు, ఆదివారం మాత్రం చీరే.

కాలేజీ బాత్‌రూమ్ గురించి మేము ఆడవాళ్లం కలిసి ప్రిన్సిపాల్‌కు లెటర్ ఇచ్చాం. కారణం "పరిశుభ్రత" అని మాత్రమే రాశాం. గొళ్లెం బిగించారు, బకెట్ కొన్నారు, నీళ్లు ఇంకా మధ్యాహ్నం వరకే వస్తున్నాయి.

వాసన పూర్తిగా పోయిందని చెప్పను. జలుబు చేసి తుమ్ములు పట్టుకున్న వారం మళ్లీ వచ్చింది. ఎండలు ముదిరిన రోజు చెమట వాసన ఉంటుంది, అది అందరికీ ఉండేదే. ఫ్యాన్ ఎటు తిరుగుతోందో చూడటం మాత్రం మానేశాను. ఎక్కడి నుంచి వస్తోందో తెలిశాక దాని మీద భయం సగం పోయింది.

వదిన మొన్న ఫోన్ చేసి "ఆ స్టీల్‌ది వాడుతున్నావా లేదా, అంత దూరం నుంచి పంపితే?" అని అడిగింది. మొత్తం చెప్పాను, సీసాలతో సహా. డాక్టరమ్మ చెప్పినవన్నీ చెప్పాక, నువ్వు కూడా దాన్ని పక్కన పెట్టెయ్యి వదినా అన్నాను. "అది సరేగానీ, ఆ దగ్గినప్పుడు జారడం సంగతి మళ్లీ ఒకసారి చెప్పు" అంది. వాళ్లకు అప్పుడు రాత్రి పన్నెండు. అప్పుడే ఫోన్‌లో నేను లెక్కపెడుతుంటే ఆమె బిగించి వదలడం మొదలుపెట్టింది. పొట్ట బిగించొద్దు వదినా అని నేను మధ్యమధ్యలో అరుస్తూనే ఉన్నాను.